లెక్కలు కట్టువాని రుసుము ఏ యేటి ఖర్చు?



మార్చి నెలలో త్రాగిన పాలకు ఏప్రిల్ అయిదవనాడు సొమ్ము చెల్లించిన గృహిణి, ఆ ఖర్చు ఏప్రిల్ మాసపుదని తలపదు. పుస్తకములో ఏప్రిల్ పుటయందు వ్రాసికొన్నను, అది గడచిన నెల బాకీయని ఆమెకు తెలియును. ఇంతవఱకు సంశయము లేదు. కాని మార్చి 31వ తేదీనాటికి మొదలే పెట్టని పనికి, ఆగస్టు నెలలో గాని బిల్లు రాని పనికి, కూలిని మార్చి లెక్కలోనే బాకీగా వ్రాయవలయునా? ఈ ప్రశ్న నిరుడు మా జగదేవ్‌పూర్‌లో నలుగురు స్త్రీల నడుమ పుట్టి, వారి స్నేహమునే కొంత కదలించినది. లెక్కలు చదువుట నాకు కొంత తెలియునను నమ్మికతో వారు పుస్తకములు తీసికొని మా యింటికి వచ్చిరి. అందువలన ఈ సంగతి నాకు తెలిసినది.

ఆ నలుగురును సకినాలు చుట్టుటలో చేయి తిరిగినవారు. కొన్నియేండ్లు పొదుపు సంఘములో కలిసియుండి, పిమ్మట తలకొక 50,000 రూపాయలు పెట్టి, రెండు లక్షల మూలధనముతో ఒక చిన్న ప్రైవేటు కంపెనీని నమోదు చేయించుకొనిరి. సకినాలు, కారప్పూస, అప్పడములు చేసి గజ్వేల్ అంగళ్లకును, తీగుల్ నర్సాపూర్‌లో కొండపోచమ్మ దర్శనమునకు వచ్చు యాత్రికులకును అమ్ముచుండిరి. సంఘముగా నుండక కంపెనీ యెందుకని నే నడిగితిని. పట్టణపు వర్తకులు కంపెనీ పేరున్నగాని సరకు తీసికొనరని వారు చెప్పిరి. ఆ మాట నాకంతగా నమ్మదగినదిగా తోపలేదు గాని, అది వేఱు సంగతి.

మొదటి సంవత్సరము ముగియునప్పటికి వారి చేతి లెక్క ప్రకారము 84,000 రూపాయల లాభము మిగిలినది. ఆదాయపు పన్ను పద్దును తేలికకొఱకు ఇచ్చట విడిచిపెట్టుచున్నాను. మూలధనము కలుపగా 2,84,000 రూపాయలు, నలుగురికి పంచగా ఒక్కొక్కరి వాటా 71,000. ఆ సమయముననే నలుగురిలో పెద్దామె సికింద్రాబాదులోని కూతునొద్దకు వెడలిపోవుటకు నిశ్చయించుకొని, తన వాటాను మిగిలిన ముగ్గురికి అప్పగించెదననెను. మార్చి 31వ తేదీ లెక్కల ప్రకారము వాటా వెల కట్టవలయునని వారు ముందే వ్రాసికొనియుండిరి.

చిక్కు ఇచ్చట వచ్చినది. ఆ సంవత్సరపు లెక్కలు తుదకు కూర్చి పట్టికలు కట్టుటకు గుమాస్తాకు 6,000 రూపాయలు, వానిని తనిఖీచేసి సంతకము పెట్టుటకు ఆడిటరుకు 18,000 రూపాయలు, మొత్తము 24,000 ఈయవలసియున్నది. చేతి లెక్కలో అది లేదు. గుమాస్తాకు ప్రతినెల ఇచ్చు 1,000 రూపాయలలో మార్చి నెలది బాకీగా వ్రాసియే యున్నారు. పని జరిగినది గనుక దానిని గుఱించి ఎవరును మాటాడలేదు. ఈ 24,000 కు పని ఇంకను జరుగలేదు.

“చెల్లె! ఆయన ఇంక పుస్తకమే తెరువలేదు. చెయ్యని పనికి కూలి ఏ ఊళ్లె ఇస్తరు?” అని పెద్దామె నన్నడిగినది.

“అక్కా! లెక్కలు నలుగురివి, పైసలు మేం ముగ్గురమే కట్టాల్నా?” అని చిన్నామె కన్నీరు పెట్టుకొన్నది.

ఆ మాటలలోని బరువు తెలియవలెనన్న అంకెలు చూడవలయును. 24,000 ను ఆ యేటి ఖర్చుగా వ్రాసినచో మొత్తము 2,60,000 అగును. నలుగురికిని తలకు 65,000. వ్రాయనిచో పెద్దామె 71,000 తీసికొని వెడలును. ఆగస్టులో ఆ రుసుము చెల్లించిన పిమ్మట మిగిలిన ముగ్గురికి తలకు 63,000 మాత్రమే నిలుచును. ఒకే సంవత్సరము, ఒకే పొయ్యి యెదుట, సమానముగా చెమటోడ్చిన నలుగురిలో ఒక్కరికి 8,000 హెచ్చు. బియ్యపు పిండి ధర మాఱినందువలన కాదు, ఎవరో సోమరులైనందువలన కాదు. ఒక పద్దు ఏ పుటలో వ్రాయబడినదను దానివలన.

నేను చదివిన గ్రంథములలో లెక్కల సంగతి వివరముగా చెప్పినది కౌటిల్యుని అర్థశాస్త్రము. మైసూరునందు శామశాస్త్రిగారు తాళపత్రప్రతినుండి 1909లో ప్రకటించువఱకు ఆ గ్రంథము పండితులకును వినికిడి మాత్రమే. అందు రెండవ అధికరణములో, ఉద్యోగుల సంవత్సరము ఆషాఢ పూర్ణిమతో ముగియుననియు, దినములు 354 అనియు నిర్ణయింపబడినది. లెక్కలు చూచు అధికారి గమనింపవలసినవి కరణీయము, సిద్ధము, శేషము, ఆయము, వ్యయము, నీవి అని వేఱువేఱుగా నున్నవి. చేయవలసినది వేఱు, చేతికి వచ్చినది వేఱు, రావలసి నిలిచినది వేఱు. వీనినన్నిటిని చూచిన పిమ్మటగాని, మిగులునట్టి నీవి తేలదు. చీర కట్టుముడికిని నీవియనియే పేరు. మన పెద్దలు పైకము ఆ ముడియందే దాచుకొనెడివారు గనుక ఈ మాట స్త్రీలకు పరాయిదికాదు. ముడిలో చేతికి తగులు సొమ్మంతయు మనదేయని తలచుట సులువు. అందులో కొంత ఇతరులకు చెందవలసియుండును.

మన దేశమున ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ మొదలు మార్చి వఱకు 1867 నుండి నడచుచున్నది. కంపెనీలకును మార్చి 31వ తేదీయే సంవత్సరాంతము. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము రెండు నియమములు విధించినది. లెక్కలు జంటపద్దు విధానమున నుండవలయును. సొమ్ము చేతులు మాఱిన దినమునుబట్టి గాక, ఆదాయమైనను ఖర్చైనను ఏర్పడిన కాలమునుబట్టి వ్రాయబడవలయును. మన పొదుపు సంఘముల పుస్తకములు తఱచుగా నగదు వచ్చిన దినము, పోయిన దినము చూచి వ్రాయబడును గనుక, సంఘమునుండి కంపెనీకి వచ్చినవారికి ఈ రెండవ నియమము వింతగా తోచును.

ప్రభుత్వమువారి లెక్కలును నగదునుబట్టియే నడచును. ఉపాధ్యాయుని ఇంటిలోనివారికి ఇది చక్కగా తెలియును. మార్చి నెలంతయు పాఠములు చెప్పినందుకు జీతము ఏప్రిల్ మొదటి తేదీన వచ్చును. సర్కారు పుస్తకములో అది క్రొత్త సంవత్సరపు ఖర్చు. అందువలననే మా యింటి పెద్దలు ఆదాయపు పన్ను పట్టిక నింపునప్పుడు మార్చి జీతము మొదలు ఫిబ్రవరి జీతము వఱకు పండ్రెండు నెలలు కూడుదురు. పెండ్లియైన క్రొత్తలో నేనది చూచి, నెలలు తప్పుగా ఎక్కించిరని తగవు పెట్టుకొంటిని! సర్కారు ఏటేట ఒక మార్చిని వెనుకకు త్రోసి వేఱొక మార్చిని చేర్చుకొనును గనుక అచ్చట తేడా అంతగా కానరాదు. నలుగురు కూడి వ్యాపారము చేయుచుండగా ఒకరు నడుమ లేచి వెడలునప్పుడు ఆ తేడా ఎవరో ఒకరి కొంగున పడును.

ఇక పెద్దామె ప్రశ్నకు వత్తము. చదువురాని మాటయని దానిని త్రోసివేయరాదు. పెద్ద చదువులు చదివిన లెక్కల పండితులలోను సరిగా ఆ మాటయే చెప్పువారున్నారు. 1949 జూలై 1వ తేదీన ఏర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థవారు వెలువరించిన ప్రమాణములలో ఇరువదితొమ్మిదవది ఇట్టి బాధ్యతలను గుఱించినది. జరిగిపోయిన సంగతివలన నేటికే మెడకు చుట్టుకొన్న బాధ్యతయైననే వ్రాయవలయును; ముందు ముందు వ్యాపారము నడపుటకు కాబోవు ఖర్చులను ఇప్పుడు వ్రాయరాదని దాని సారము. పొగగొట్టమునకు జల్లెడ బిగింపవలయునని చట్టమున్నను, బిగింపని యెడల ఆ ఖర్చును ముందుగా లెక్కలో చూపరాదని అందొక ఉదాహరణ మున్నది. తనిఖీయును అట్టిదేయని కొందఱి వాదము. ఆడిటరు జూలైలో వచ్చి చేయు సేవ జూలైలో పుట్టినది. మార్చి 31 నాటికి మనము పొందిన సేవ లేదు. కావున బాకీయును లేదు. విదేశములలో పెద్ద కంపెనీల లెక్కలు చూచువారిలో పలువురు, పని ఎంత జరిగిన అంతకే ఖర్చు వ్రాయవలయునను ఈ పక్షమునే పట్టుదురు.

రెండవ పక్షమువా రేమందురనగా: ఆ కంపెనీ ఏప్రిల్ 1వ తేదీన పొయ్యి ఆర్పివేసి, ఒక్క సకినము కూడ అమ్మకున్నను, గడచిన యేటి లెక్కలు కట్టి తనిఖీ చేయింపక తప్పదు. కంపెనీ యెంత చిన్నదైనను, అమ్మకము లేకున్నను, 2013 నాటి చట్టము తనిఖీనుండి దానిని విడువలేదు. కావున ఇది ముందు వ్యాపారమునకు కాబోవు ఖర్చు కాదు, వెనుకటి యేడు మనపై మోపి పోయిన బరువు. పైగా లాభనష్టముల లెక్క క్రింద ఆడిటరుకు చెల్లు సొమ్మును వేఱుగా చూపవలయునని చట్టముయొక్క మూడవ షెడ్యూలు చెప్పుచున్నది. మన దేశమున చిన్న కంపెనీలు ఆ స్థలమున ఏ యేటి తనిఖీకి ఆ యేటి రుసుమును వ్రాయుట వాడుక.

నేను ఈ రెండవ పక్షముననే నిలిచితిని. మొదటి పక్షమువారి తర్కము నాకు గట్టిగానే కనబడును; కాని దానివలన ఫలమేమి? మొదటి యేట తనిఖీ ఖర్చు సున్న. రెండవయేట మొదటి యేటిది, మూడవయేట రెండవయేటిది, ఇట్లు ఒక యేడు వెనుకబడియే నడచి, కంపెనీ మూసివేయు యేట రెండు రుసుములు ఒక్కమాఱు వచ్చి పడును. నడుమ యేండ్లలో ఎవరికిని నష్టము తెలియదు. మొదటి యేట వెడలువారికి లాభము, కడపట నిలుచువారికి భారము. భాగస్వాములు మాఱని చోట ఇది వట్టి పండిత వాదము. వాటా చేతులు మాఱు చోట మాత్రము రూపాయలతో కూడిన వివాదము. ఏ పక్షము పట్టినను ఏటేట అదియే పట్టవలయును. లాభము హెచ్చుగా కనబడవలసిన యేట ఒక దారియు, తగ్గుగా కనబడవలసిన యేట వేఱొక దారియు త్రొక్కుట కూడదు.

ఈ వాదమంతయు పెద్దామెకు నచ్చినదని నేను వ్రాసినచో అబద్ధమగును. ఆమె మౌనముగా విని, “ఆరు వేలు, చెల్లె” అని మాత్రమన్నది. ఆమెకది చిన్న మొత్తము కాదు. కూతునింట ఊరక కూర్చుండుట ఇష్టములేక, అచ్చటనొక పిండిమర కొనుటకు రూపాయి రూపాయి లెక్క పెట్టుకొనుచున్నది.

ఆ చిక్కును విప్పినది నా శాస్త్రము కాదు, సంచిలోని యొక కాగితము. కంపెనీ నమోదైన నెలదినములలో మొదటి ఆడిటరును నియమింపవలయును గనుక, అప్పుడే ఆయనకు వ్రాసియిచ్చిన యుత్తరము అందుండెను. మొదటి సంవత్సరపు తనిఖీకి 18,000 రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొంటిమని దానిలో నున్నది. క్రింద మొదటి సంతకము పెద్దామెదే. గుమాస్తాతోడి 6,000 రూపాయల ఒప్పందము సంతకములతో నోటుపుస్తకమున నున్నది. ఆమె దానిని చేతబట్టి చాలసేపు చూచి, “నేనే ఒప్పుకున్ననా! అయితే రాయుండ్రి” అన్నది. వాటా 65,000 గా కుదిరినది. చిన్నామె టీ కాచుటకు మా వంటయింటిలోనికి వెళ్లినది.

ఇక వ్రాయు విధము. మార్చి 31వ తేదీన ఆడిట్ రుసుము ఖాతాకు 18,000, లెక్కలు కూర్చిన రుసుము ఖాతాకు 6,000 డెబిట్ వ్రాసి, చెల్లింపవలసిన ఖర్చుల ఖాతాకు 24,000 క్రెడిట్ వ్రాయవలయును. మొదటి రెండును లాభమును తగ్గించును. మూడవది ఆస్తి అప్పుల పట్టికలో అప్పులవైపున నిలుచును. ఆగస్టులో సొమ్ము చెల్లించునప్పుడు చెల్లింపవలసిన ఖర్చుల ఖాతాకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. అంతతో ఆ బాకీ తీఱును. క్రొత్త సంవత్సరపు లాభము దీనివలన చెదరదు.

ఈ రెండవ మెట్టునందే అనేకులు జాఱిపడుదురు. మా బంధువులలో నొకరి చిన్న కంపెనీలో గుమాస్తా ఆగస్టులో బిల్లు రాగానే, అలవాటు ప్రకారము మరల ఖర్చు ఖాతాకే వ్రాసినాడు. ఒకే రుసుము రెండుమాఱులు ఖర్చయినది. అప్పుల పట్టికలోని పాత బాకీ తీఱక, ఎవరికి చెల్లింపవలయునో ఎవరికిని తెలియని యప్పుగా రెండేండ్లు నిలిచియుండెను. దినము తీఱిపోయిన చుట్టమునకు ఏటేట విస్తరి వేసినట్లు దానిని ప్రతి పట్టికలోను వ్రాయుచు వచ్చిరి. ఇల్లాలు అడిగినప్పుడుగాని ఆ తప్పు బయటపడలేదు. కావున చదువరులలో ఎవరైనను కంపెనీ లెక్కలు చూడవలసి వచ్చినచో, చెల్లింపవలసిన ఖర్చులను పంక్తిని వ్రేలితో చూపి, “ఇది ఎవరికి? ఎప్పటిది?” అని రెండు మాటలడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

రుసుము ఎంతయో ముందుగా తెలియదని కొందఱందురు. నియామక సమయముననే మొత్తమును వ్రాయించి పుచ్చుకొనుట మేలు. వ్రాయించినప్పుడు జి.ఎస్.టి. దానిలో చేరియున్నదా, వేఱుగానున్నదా అని అడుగవలయును. నమోదైన ఆడిటరు బిల్లులో 18 శాతము పైన పడును. ఆ పన్నును తిరిగి లెక్కకు తెచ్చుకొనలేని కంపెనీకి అదియు ఖర్చే. లెక్క వ్రాయువాడును తనిఖీ చేయువాడును ఒక్కడై యుండరాదని చట్టము గనుక, రెండు రుసుములు రెండు ఉత్తరములలో నుండుట సహజమే. వృత్తి నిపుణునికి సంవత్సరమున ఇచ్చు రుసుము కొంత మేర దాటినచో 10 శాతము పన్ను మినహాయించి కట్టవలయును. ఆ మేర 2025 ఏప్రిల్ 1 నుండి 50,000 రూపాయలు, అంతకుముందు 30,000. ఇందొక మెలిక యున్నది. చెల్లించిన దినముకంటె పద్దు వ్రాసిన దినము ముందుగా వచ్చినచో, పద్దు వ్రాసిన దినముననే ఆ బాధ్యత పుట్టును. మార్చి 31న బాకీగా వ్రాసి, పన్ను మాట ఆగస్టులో చూతమనుకొనుట పొరపాటు. మన నలుగురికి ఆ బాధ లేదు. వారి రుసుము ఆ మేరకు చాల దిగువను ఉన్నది.

సెప్టెంబరు లోపల జరుగు సర్వసభ్య సమావేశమునకును, ఆ పిమ్మట ముప్పది దినములలో రిజిస్ట్రారుకు లెక్కలు దాఖలు చేయుటకును అగు ఖర్చును కూడ మార్చిలోనే వ్రాయవచ్చునా యని చిన్నామె అడిగెను. దానిని నేను వలదంటిని. సమావేశపు టీ ఫలహారములు ఆ దినపు ఖర్చు. దాఖలు ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల చొప్పున పడు అదనపు రుసుము ఆలస్యము చేసిన యేటిది. ఆడిటరును దృష్టాంతముగా పట్టుకొని రాబోవు ఖర్చులన్నిటిని వెనుకకు లాగుచు పోయినచో పెద్దామెకు నిజముగా అన్యాయమగును.

ఇంగ్లండులో చిన్న కంపెనీలలో పెక్కింటికి తనిఖీయే మినహాయింపబడినది. అచ్చట ఈ వివాదము లెక్కలు కట్టువాని రుసుమును గుఱించి మాత్రమే నడచును. ఇచ్చటను గుమాస్తా 6,000 మాత్రమే యున్నచో మనవారు ఇంత దూరము రాకుందురేమో.

వెనుకటి యేండ్లలో ఈ పద్దు వ్రాయక, ఇప్పుడు మొదలు పెట్టువారు ఒక సంగతి గమనింపుడు. ఆ యేట పాతది, క్రొత్తది, రెండు రుసుములును వచ్చును. దానిని చూచి లాభము పడిపోయినదని బెదరవలదు, దాచవలదు. పాత సంవత్సరమునకు చెందినదని వేఱుగా చూపి, క్రింద రెండు పంక్తులు వ్రాసిన చాలును.

ఆగస్టులో ఆడిటరు బిల్లు వచ్చినది. ప్రయాణపు ఖర్చులతో కూడి 18,000 బదులు 19,000 ఉన్నది. ఆ హెచ్చయిన 1,000 రూపాయలు క్రొత్త సంవత్సరపు ఖర్చుగా వ్రాయవలయునని నేను చెప్పితిని. ముగ్గురును అట్లే వ్రాసిరి. ఈ సంగతి ఎవరివలననో విని పెద్దామె సికింద్రాబాదునుండి ఫోను చేసి, తన పాలు 250 రూపాయలు పంపెదననెను. వలదని చెప్పిరి. ఆమె వినలేదు, పంపినది. దానిని ఏ ఖాతాలో వ్రాయవలయునో తెలియక వారు మరల పుస్తకములతో మా గడపకు వచ్చిరి.